లంక గ్రామాల్లోని డయాలసిస్ రోగులకు సేవలు దగ్గరగా అందే మార్గం ఏమిటి?

ప్రశ్న (పి.గన్నవరం మండలంలోని ఒక లంక గ్రామం నుంచి)

మా నాన్నగారికి అరవై రెండేళ్లు. కిడ్నీలు పనిచేయక ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు అమలాపురం తీసుకువెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను. మిషన్ మీద ఉండేది నాలుగు గంటలే అయినా, తెల్లవారకముందే ఇల్లు వదిలి, కాజ్‌వే దాటి, ఆటో పట్టుకుని, ముందు షిఫ్టు వారు దిగేదాకా వరండాలో కూర్చుని, చికిత్స ముగించుకుని తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. చికిత్సకు మేము పైసా కట్టడం లేదు, నెలకు 10,000 రూపాయల పింఛను కూడా వస్తోంది. కాని అందులో సగానికి పైగా ఆటో కిరాయికే పోతోంది, ఆ మూడు రోజులూ నాకు పని ఉండదు.

వరద రోజుల్లో పరిస్థితి మరీ దారుణం. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికే మా కాజ్‌వే మునిగిపోతుంది. కిందటి వరదలో వరుసగా రెండు డయాలసిస్‌లు తప్పిపోయి, నాన్నగారికి కాళ్లు పొంగి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు చేరగిలబడి కూర్చున్నారు. తెల్లవారాక నాటు పడవ ఎక్కించాం. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమ చేతికి తువ్వాలు చుట్టి, దానిని గుండెలకు అదుముకుని, గట్టు వచ్చేదాకా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు మూడు మిషన్లయినా పెట్టించమని అడగడం సబబేనా? ఎవరిని అడగాలి?

జవాబు 1 (డయాలసిస్ టెక్నీషియన్, భీమవరం)

తప్పకుండా అడగవలసిందే. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని రూపొందినది. మీరు అడుగుతున్నది దాని తరువాతి మెట్టు. అయితే మిషన్లు మాత్రమే అడగకండి, నీళ్లు కూడా అడగండి. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు ఒక్క రోగికి 120 లీటర్ల శుద్ధజలం కావాలి. డయాలసిస్‌లో పలుచని పొరకు ఇవతల రోగి రక్తం, అవతల ఆ నీటితో కలిపిన ద్రావణం ప్రవహిస్తాయి కనుక అది మంచినీళ్ల కంటే ఎన్నో రెట్లు శుభ్రంగా ఉండాలి. సముద్రం దగ్గరయ్యే కొద్దీ మన బోర్లలో ఉప్పు పెరుగుతుంది, నీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రంలోని పొరలు త్వరగా పాడవుతాయి, వృథాగా వదిలే నీరు పెరుగుతుంది. జనరేటరు కూడా తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు గొట్టాల్లోని రక్తం గడ్డకట్టక ముందే పంపును చేత్తో తిప్పి రోగికి వెనక్కి పంపవలసి వస్తుంది. ఆ పని నేను చాలాసార్లు చేశాను, ఆ నిమిషాల్లో రోగి ముఖం చూడలేం.

రోజుకు రెండు షిఫ్టులు నడిపితే ఒక మిషన్ మీద నలుగురికి వారానికి మూడేసి సార్లు చేయవచ్చు. రక్తం ద్వారా సోకే హెపటైటిస్-బి ఉన్నవారికి వేరే మిషన్ ఉండాలి. కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఎందరున్నారో ముందుగా లెక్క తీయండి. ఉట్టి వినతిపత్రం కంటే ఆ లెక్కకు విలువ ఎక్కువ.

జవాబు 2 (పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక గృహిణి)

తమ్ముడూ, మా వారికి మూడేళ్లుగా ఇంట్లోనే కడుపు డయాలసిస్ చేస్తున్నాను. పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రావణం ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, దించి, మళ్లీ కొత్తది ఎక్కించడం. ఇలా రోజుకు నాలుగుసార్లు. దీనికి మిషన్ అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. కిటికీ పైనున్న కొక్కేనికి సంచి తగిలించి, తలుపు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే గొట్టం ముట్టుకుంటాను. దించిన సంచి కింద వార్తాపత్రిక పెట్టి చూస్తాను; అక్షరాలు స్పష్టంగా కనబడితే నిశ్చింత, మసకబారితే వెంటనే ఆసుపత్రి. మొదటి ఏడాది ఒకసారి అలా మసకబారి, చీము పట్టి, పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నెలకు 120 సంచులు, అంటే దాదాపు 240 కిలోలు. వడ్ల బస్తాలు పెట్టుకునే గది వాటికే వదిలేశాం. జాతీయ కార్యక్రమంలో ఈ పద్ధతికి కూడా 2019లో మార్గదర్శకాలు ఇచ్చారు, కనుక మీ వినతిలో ఇదీ చేర్చండి. అందరికీ పనికిరాదు, పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయినవారి విషయంలో డాక్టరుగారే తేల్చాలి.

జవాబు 3 (విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, రాజోలు)

సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. డయాలసిస్ కేంద్రం మంజూరు కావడానికి కాలం పడుతుంది, వరద అంతవరకు ఆగదు. నిండు గర్భిణులను ముందుగానే ఆసుపత్రికి తరలించినట్లే డయాలసిస్ రోగులను కూడా కాజ్‌వే మునగక ముందే తరలించేలా వారి పేర్లు తహసీల్దారు, ఏఎన్ఎం దగ్గర ఉండాలని అదే అర్జీలో రాయండి. ఈలోగా నాన్నగారి చేత నీళ్లు కొలిచి తాగించండి. కొబ్బరినీళ్లు, అరటిపండు ఇవ్వకండి. మన ఇంటికి వచ్చినవారు ప్రేమతో బొండాం కొట్టి ఇస్తారు, దానిలోని పొటాషియం ఈ రోగులకు గుండె ఆగేంత ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆశా కార్యకర్తతో కలిసి రెండు రోజులు తిరిగాను. మా ఊళ్లో, పక్కనున్న రెండు లంకల్లో కలిపి తొమ్మిది మంది ఉన్నారు. వారిలో ఇద్దరు కిరాయి భరించలేక వారానికి ఒక్కసారే వెళుతున్నారట. వారి పేర్లు అర్జీలో మొదట రాశాను. అక్కా, నాన్నగారికి ఎనిమిదేళ్ల క్రితం హెర్నియా ఆపరేషన్ అయింది. గురువారం డయాలసిస్‌కు వెళ్లినప్పుడు ఆ కాగితాలు కూడా పట్టుకువెళ్లి కడుపు డయాలసిస్ కుదురుతుందేమో డాక్టరుగారిని అడుగుతాను.