టీజేలో ఎంట్రన్స్ టెస్ట్ తీసేయడం న్యాయమేనా? బ్లాక్, హిస్పానిక్ పిల్లల వెనుకబాటుకి అది మందేనా?

హెర్న్‌డన్ నాన్న

మా వర్జీనియాలో థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్ ఉంది. అందరూ టీజే అంటారు. గవర్నమెంట్ స్కూలే, కానీ సీటు దొరకడం చాలా కష్టం. బ్లాక్, హిస్పానిక్ పిల్లలకి సీట్లు మరీ తక్కువ వస్తున్నాయని 2020 చివర్లో ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ స్కూల్ బోర్డు దాని ఎంట్రన్స్ టెస్ట్ ఎత్తేసింది. హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు. ఇప్పుడు ప్రతి మిడిల్ స్కూల్‌కీ అక్కడి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సరిపడా సీట్లు కేటాయిస్తున్నారు. మార్కులు, రాసిన వ్యాసాలు, ఇంటి ఆర్థిక పరిస్థితి చూసి ఎంపిక చేస్తున్నారు. మొదటి ఏడాదే ఏషియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడిపోయింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2022లో కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీల్ కోర్టులో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

బ్లాక్, హిస్పానిక్ పిల్లలు చదువులో వెనకబడి ఉన్నారు, నిజం. అందులో ఆ పిల్లల తప్పేమీ లేదని నేనూ నమ్ముతాను. కానీ ఆ లోటుకి పరిహారం ఇంకో పదమూడేళ్ల పిల్ల ఎందుకు కట్టాలి? పేరూ రంగూ కనిపించని పరీక్ష కంటే న్యాయమైనది ఏముంది? పరీక్ష తీసేస్తే అంతరం పోతుందా, కనిపించకుండా పోతుందా?

క్వీన్స్ వాసి

మీతో ఏకీభవిస్తాను. ఇక్కడ న్యూయార్క్‌లో స్టైవసెంట్ హైస్కూల్‌కి ఇప్పటికీ ఒక్క పరీక్షతోనే సీటు. 2019లో 895 మందికి సీట్లు వస్తే అందులో బ్లాక్ పిల్లలు ఏడుగురు. ఆ అంకె చూస్తే ఎవరికైనా బాధేస్తుంది. కానీ అక్కడ సీటు తెచ్చుకునే ఏషియన్ పిల్లలందరూ డబ్బున్నవాళ్లు కాదు. హోటల్లో వంట చేసేవాళ్ల పిల్లలు, నెయిల్ సెలూన్‌లో పనిచేసే అమ్మల పిల్లలు ఎంతోమంది ఉన్నారు. పేదరికమే కారణమైతే వీళ్లకెలా వచ్చింది? ఇంట్లో చదువు మీద పట్టుదల ఉందా లేదా అన్నదే అసలు సంగతని నా అభిప్రాయం. ఈ మాట ఎవరూ పైకి అనరు.

లెక్కల టీచర్, బాల్టిమోర్

పదిహేనేళ్లకు పైగా మిడిల్ స్కూల్‌లో లెక్కలు చెబుతున్నాను. నా క్లాసులో ఎక్కువమంది బ్లాక్ పిల్లలే. ఈ విషయం నాకు దగ్గరిది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

క్వీన్స్ వాసి గారూ, పట్టుదల గురించి ముందు. ఒక తెగకో జాతికో పుట్టుకతో అబ్బిన గుణమే ఈ అంతరానికి కారణమైతే అది దశాబ్దాలు గడిచినా మారకూడదు. కానీ మారింది. దేశమంతటా పెట్టే నేప్ పరీక్షల్లో, పదమూడేళ్ల పిల్లలకి చదవడంలో బ్లాక్, వైట్ పిల్లల మధ్య తేడా 1971లో 39 పాయింట్లు. 1988 నాటికి 18. పదిహేడేళ్లలో సగానికి పైగా తగ్గింది, ఆ తర్వాత తగ్గడం ఆగింది. దాదాపు అదే కాలంలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బ్లాక్, వైట్ పిల్లలు నిజంగా ఒకే స్కూళ్లలో చదవడం మొదలైంది, పేద పిల్లలకి హెడ్‌స్టార్ట్ అనే ప్రభుత్వ ప్రీస్కూల్ పథకం వచ్చింది, తల్లిదండ్రుల చదువూ పెరిగింది. వీటిలో దేని వాటా ఎంత అన్నదానిపై పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఆ ఇళ్లలో పట్టుదల హఠాత్తుగా పుట్టి, 1988 తర్వాత హఠాత్తుగా ఆగిపోయిందని ఎవరైనా నమ్మగలరా?

మన సంగతీ చూడండి. 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత ఇండియా నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది డిగ్రీలు చేతిలో పెట్టుకుని వచ్చారు. తర్వాత హెచ్-వన్-బీ వచ్చింది, దానికి డిగ్రీయే అర్హత. ఇండియా మొత్తంలోంచి జల్లించి తెచ్చిన గుంపు మనది. మన పిల్లల్ని సౌత్ బాల్టిమోర్‌లో అమ్మమ్మ పెంచుతున్న పిల్లాడితో పోల్చి "చూశారా, మన సంస్కృతి" అనడం సరైన పోలిక కాదు.

చైనా నుంచి వచ్చిన పేద కుటుంబాల విషయంలో మీ ప్రశ్న గట్టిదే. సమాజశాస్త్రవేత్తలు జెన్నిఫర్ లీ, మిన్ జౌ దీని మీద పనిచేశారు. అక్కడ కష్టపడే తత్వం ఉంది, కాదనను. దాంతోపాటు ఆ సమాజంలో చదువుకున్నవాళ్లు నడిపే ట్యూషన్ సెంటర్లు, ఏ స్కూల్ మంచిదో ఏ పరీక్ష ఎప్పుడో చెప్పే సమాచారం పేదవాళ్లకీ అందుబాటులో ఉన్నాయి. వంటవాడి కొడుక్కి ఆ దారి పక్కింటివాళ్లు చెబుతారు. నా స్టూడెంట్ల అమ్మలు రెండు ఉద్యోగాలు చేస్తూ కూడా పిల్లల హోమ్‌వర్క్ గురించి రాత్రి పదింటికి నాకు మెసేజ్ పెడతారు. పట్టుదల లేక కాదు. ఆరో తరగతిలో ఏ లెక్కల సెక్షన్‌లో పడితే ఎనిమిదిలో ఆల్జీబ్రా దొరుకుతుందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

హెర్న్‌డన్ నాన్న గారూ, మీ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. టీజేకి అప్లై చేయాలంటే ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా 1లో ఉండాలి. అంటే పరీక్ష ఉన్నా లేకపోయినా, ఎంతోమంది పిల్లలు గేటు దాకా రాకముందే ఆగిపోతున్నారు. టీజే చుట్టూ జరిగే కోర్టు గొడవంతా చివరి గేటు గురించి. అంతరం అంతకు చాలా ముందే, చిన్న తరగతుల్లోనే కనిపిస్తుంది.

ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో జరిగింది వినండి. అక్కడ చురుకైన పిల్లలకి విడిగా నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లోకి వెళ్లాలంటే ముందు టీచరో తల్లిదండ్రులో పేరు సూచించాల్సి వచ్చేది. 2005లో పద్ధతి మార్చి, రెండో తరగతిలో ప్రతి పిల్లాడికీ స్కూల్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టారు. అర్హత గీత దించలేదు. అయినా గిఫ్టెడ్‌లోకి వచ్చిన బ్లాక్ పిల్లలు 80 శాతం, హిస్పానిక్ పిల్లలు 130 శాతం పెరిగారని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో లెక్కగట్టారు. ఆ పిల్లలు అంతకుముందూ అదే క్లాసుల్లో కూర్చున్నారు, ఎవరూ వాళ్ల పేరు రాయలేదు. తర్వాత బడ్జెట్ కోతల్లో ఆ పరీక్ష ఆపేశారు. సంఖ్యలు మళ్లీ పాత చోటికే పడిపోయాయి. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

ప్లేనో అమ్మ

టీచర్ గారు చెప్పినదానికి మా టెక్సస్‌లో చట్టమే వచ్చింది. 2023లో చేశారు. ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న ప్రతి పిల్లనీ ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూల్‌వాళ్లే వేస్తారు. ఎవరూ అడగక్కర్లేదు, వద్దంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. మా వాట్సాప్ గ్రూపులో కొందరు "క్లాసు స్టాండర్డ్ పడిపోతుంది" అని టెన్షన్ పడ్డారు. అదే మార్కులు తెచ్చుకున్న పిల్లలు వస్తే స్టాండర్డ్ ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

హెర్న్‌డన్ నాన్న

టీచర్ గారూ, మీరు చెప్పిన పని మా కౌంటీ ఎప్పటి నుంచో చేస్తోంది. రెండో తరగతిలో అందరికీ కోగాట్ అనే తెలివితేటల పరీక్ష పెడతారు. అయినా ఏఏపీ అనే అడ్వాన్స్‌డ్ క్లాసుల్లో బ్లాక్, హిస్పానిక్ పిల్లలు ఎంత తక్కువో మీకూ తెలుసు. మరి పరీక్ష అందరికీ పెడితే సరిపోతుందని ఎలా అంటారు? ఇంకో మాట. ఈ "సమానత్వం" పేరుతోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రానే తీసేశారు. నాకు అసలు భయం అదే.

లెక్కల టీచర్, బాల్టిమోర్

శాన్‌ఫ్రాన్సిస్కో విషయంలో మీ భయం సరైనదే. ఆల్జీబ్రా తీసేసినా జాతుల మధ్య అంతరం తగ్గలేదు, డబ్బున్నవాళ్లు బయట కోర్సులు కొనుక్కున్నారు. 2024 మార్చిలో ఓటర్లే భారీ మెజారిటీతో దాన్ని వెనక్కి తెమ్మన్నారు. ముందున్నవాళ్లని ఆపితే వెనకున్నవాళ్లకి ఒక్క పాఠం కూడా ఎక్కువ రాదు. నేను ఆ విధానానికి పూర్తిగా వ్యతిరేకం.

కోగాట్ సంగతి. మీ దగ్గర పరీక్ష అందరికీ ఉంది, కానీ స్కోరు గీత దాటని పిల్లల పేరు తల్లిదండ్రులు కూడా పంపొచ్చు. సెలక్ట్ కాకపోతే ప్రైవేటుగా సైకాలజిస్ట్ దగ్గర ఐక్యూ టెస్ట్ రాయించి అప్పీల్ చేసుకోవచ్చు. మన తెలుగు కుటుంబాల్లో ఈ దారి తెలియనివాళ్లు తక్కువ. ఇంగ్లిష్ సరిగా రాని ఎల్ సాల్వడార్ తల్లికి అలాంటి అప్పీల్ ఉందనే తెలియదు. పరీక్ష అందరిదీ, ఆ తర్వాతి తలుపులు మాత్రం తెలిసినవాళ్లవి. ప్లేనో అమ్మ గారు చెప్పిన పద్ధతిలో ఆ తలుపు ఎవరూ తట్టక్కర్లేదు.

ఇక 1.5 శాతం నియమం. దాన్ని నేను సమర్థిస్తాను. టీజేలో సీటు వచ్చినవాళ్లలో పేద కుటుంబాల పిల్లలు ఒక్క ఏడాదిలో ఒక శాతం లోపు నుంచి 25 శాతానికి వచ్చారు. వాళ్లలో పేద ఏషియన్ పిల్లలూ ఉన్నారు, ఈ మాట మన చర్చల్లో ఎప్పుడూ రాదు. కానీ పరీక్ష పూర్తిగా పోవడం నాకూ నచ్చలేదు. ప్రతి మిడిల్ స్కూల్లో, స్కూల్ టైమ్‌లో, ఫీజు లేకుండా అందరికీ పరీక్ష పెట్టి, ఆ స్కూల్లో పైన నిలిచినవాళ్లకి సీటు ఇవ్వొచ్చు. ఏ స్కూల్లో చదివిన పిల్ల అయినా తన చుట్టూ ఉన్నవాళ్లతోనే పోటీ పడుతుంది.

హెర్న్‌డన్ నాన్న

స్కూల్‌కో కోటా అంటే, మంచి స్కూల్లో పదో స్థానంలో ఉన్న పిల్లకి ఇంకో స్కూల్లో మొదటి పిల్ల కంటే ఎక్కువ లెక్కలు వచ్చినా సీటు ఉండకపోవచ్చు. అది ఇప్పటికీ నాకు అన్యాయంగానే ఉంది, ఈ విషయంలో మీతో ఒప్పుకోలేను. కానీ స్కూల్ టైమ్‌లో అందరికీ ఉచిత పరీక్ష, ఆరో తరగతిలో అడగకుండానే అడ్వాన్స్‌డ్ లెక్కలు, ఈ రెండూ స్కూల్ బోర్డు మీటింగ్‌లో అడగడానికి నేను సిద్ధం. ప్లేనో అమ్మ గారూ, మీ జిల్లాలో వద్దని రాసివ్వడానికి తల్లిదండ్రులకి పంపే ఫారం కాపీ ఉంటే ఇక్కడ పెట్టగలరా?