విశాఖ నుంచి చెన్నైకి 34 అడుగుల తెరచాప యాట్‌లో: జనవరి ప్రయాణానికి సలహాలు కావాలి

నీలికెరటం

అందరికీ నమస్కారం. పడవ వివరాలు ముందే రాస్తున్నా, లెక్కలు చెప్పడానికి వీలుగా. 34 అడుగుల స్లూప్ (ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ), ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగే బరువు), డ్రాఫ్ట్ (నీళ్ళలో మునిగే లోతు) 1.8 మీటర్లు. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 27 హెచ్‌పీ. డీజిల్ ట్యాంకు 120 లీటర్లు, నీళ్ళ ట్యాంకు 250. హౌస్ బ్యాటరీలు 100 ఏహెచ్‌వి (ఆంపియర్ అవర్లు) రెండు, మామూలు లెడ్ యాసిడ్. స్టార్టర్ బ్యాటరీ వేరే ఉంది. సోలార్ 200 వాట్లు. ఆటోపైలట్, ఏఐఎస్ (పడవలు తమ చోటు ఒకదానికొకటి చెప్పుకునే రేడియో) ట్రాన్స్‌పాండర్, వీహెచ్ఎఫ్ రేడియో ఉన్నాయి.

మేం నలుగురం. ఇద్దరికి సముద్రంలో పగటి ప్రయాణాలు అలవాటే. మిగతా ఇద్దరూ హుస్సేన్ సాగర్‌లో లేజర్లు (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు) నడిపినవాళ్ళు, రాత్రి సముద్రం వాళ్ళకి పూర్తిగా కొత్త. జనవరిలో బయల్దేరాలనుకుంటున్నాం. ఆ నెల సరైనదేనా? మధ్యలో ఎక్కడ ఆగొచ్చు? వలల సంగతి ఎలా? డీజిల్, కరెంటు సరిపోతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఈశాన్యం

నెల సరిగ్గా ఎంచుకున్నారు. అయితే ఎందుకు సరైనదో తెలిస్తేనే ఎప్పుడు ఆగాలో కూడా తెలుస్తుంది, అందుకని కాస్త విడమరిచి చెప్తాను.

మన తీరం వెంట నడిచే ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మారుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పారుతుంది, నవంబర్‌లో బాగా బలంగా ఉంటుంది. చెన్నై వెళ్ళేవాళ్ళకి అది ఉచితంగా దొరికే వేగమే. కానీ తుపానులు పుట్టేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖలో తీరం దాటింది, మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటింది. 34 అడుగుల పడవలో ఆ జూదం వద్దు. ఫిబ్రవరి వచ్చేసరికి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకటి రెండు నాట్ల (గంటకి నాటికల్ మైళ్ళు) దాకా ఎదురొస్తుంది, గాలీ దక్షిణం వైపుకి మళ్ళుతుంది. ఈ రెండు కాలాల మధ్య మిగిలేది జనవరి: ప్రవాహం బలహీనం, ఈశాన్యపు గాలి 10–15 నాట్లు నిలకడగా వెనక నుంచి. అందుకే నెల మొదటి మూడు వారాల్లో వెళ్ళిపోండి. మార్చిలో తిరిగొస్తే అదే ప్రవాహం మీకు సాయం చేస్తుంది.

ఇక దారి. నేరుగా వెళ్తే 335 నాటికల్ మైళ్ళు, కాకినాడలో ఆగితే 350. విశాఖ నుంచి హోప్ ఐలాండ్ ఉత్తరపు కొస 70 మైళ్ళు. 5 నాట్లకి 14 గంటలు. సాయంత్రం నాలుగున్నరకి కదిలితే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ ఇంకా వెలుతురులోనే దాటతారు, తెల్లారి ఏడింటికి కాకినాడ బేలో ఉంటారు. బేలో బురద నేల, లంగరు బాగా పడుతుంది. 6 మీటర్ల నీళ్ళలో వేయండి. డెక్ ఎత్తు ఒక మీటరు కలుపుకుంటే ఏడు, దానికి ఐదింతలు, అంటే 35 మీటర్ల గొలుసు వదలాలి. దక్షిణానికి పోయేకొద్దీ బే మేట వేసింది, మీ 1.8 మీటర్ల డ్రాఫ్ట్‌తో లోపలికి పోకండి. ఈశాన్యం 15 దాటితే ఉత్తరపు నోటి నుంచి అల చుట్టు తిరిగి లోపలికొస్తుంది, పడవ ఊగుతుంది, నిద్ర సరిగ్గా పట్టదు. ప్రమాదం మాత్రం లేదు. ద్వీపం ఒడ్డు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు, పైగా ఇది వాటి కాలం. దిగకండి.

అసలు మాట ఇక్కడ. ఈ ప్రయాణం చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం విశాఖలో కాదు, హోప్ ఐలాండ్ దగ్గర తీసుకోవాలి. కాకినాడ దాటాక కృష్ణపట్నం దాకా 220 మైళ్ళ మేర మీలాంటి కీల్ ఉన్న పడవకి ఆశ్రయం లేనట్టే లెక్క. చార్టు చూస్తే గోదావరి పాయలు, మచిలీపట్నం, నిజాంపట్నం వరసగా కనిపించి ధైర్యమిస్తాయి. అవన్నీ మొగలే, అంటే నీళ్ళు సముద్రంలో కలిసే చోట్లు. మొగలో ఇసుక మేట వర్షాకాలం వర్షాకాలానికీ చోటు మారుతుంది, అల దాని మీద విరుగుతుంది, లోకల్ సరంగు (పడవ నడిపేవాడు) లేకుండా పోయే చోట్లు కావు. గాలి పెరిగినప్పుడు వాటి వైపు తిరగడం కన్నా బయట లోతు నీళ్ళలో ఉండటమే క్షేమం.

కాబట్టి కాకినాడలో కూర్చుని రాబోయే మూడు రోజులకి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ సముద్ర స్థితి అంచనా రెండూ చూడండి. కొత్తవాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి గాలి 20 నాట్లు, అల 2 మీటర్లు దాటుతుందని ఏ ఒక్కటి చెప్పినా ఆగిపోండి. బంగాళాఖాతం దక్షిణంలో అల్పపీడనం ఉందన్నా ఆగండి, అది ఎటు తిరుగుతుందో తేలేదాకా.

కాకినాడ నుంచి చెన్నై 280 మైళ్ళు, 5 నాట్లకి 56 గంటలు. ఉదయం ఆరింటికి లంగరు ఎత్తితే శాక్రమెంటో షోల్ (ఇసుక మేట), గోదావరి మొగలు మధ్యాహ్నానికల్లా పగటి వెలుతురులోనే దాటతారు. ఆ ముక్క చీకట్లో చెయ్యకూడదు: ఒక పక్క మేటలు, ఇంకో పక్క కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్ చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాలు. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్లు నిషిద్ధం. మీరు మాత్రం రెండు మైళ్ళు వదలండి, సప్లై బోట్లు, దీపం లేని బోయాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కృష్ణా దగ్గర దివి కొసకి పదిహేను మైళ్ళ బయట నుంచి తిరిగి, చెన్నైకి సుమారు 197 డిగ్రీల దిశ పట్టుకోండి. పులికాట్ షోల్స్‌కి కనీసం పది మైళ్ళ దూరం ఉంచండి. లెక్క ప్రకారం మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి చేరతారు. వేగం 4.5కి తగ్గితే రాత్రి ఎనిమిది అవుతుంది. అప్పుడు చెన్నై బయటే హీవ్ టు చేసి (తెరచాపలు సర్ది పడవని దాదాపు నిలిపి) తెల్లారే దాకా ఆగండి. కాట్టుపల్లి, ఎన్నూర్, చెన్నై మూడు పోర్టులూ వరసగా ఉన్నాయి. లంగరేసిన ఓడల దీపాల్లో కదిలే ఓడ ఏదో కొత్త కంటికి తెలియదు.

గంగమ్మవాడ

వలల గురించి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంటే మీరెళ్ళే జనవరిలో మరపడవలన్నీ సముద్రం మీదే ఉంటాయి. ఎక్కువ భాగం ఒడ్డుకి పదిహేను మైళ్ళ లోపే. ఒక చిట్కా: ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే చేపలు దొరికే చోట్ల మ్యాప్ చూడండి. వేటగాళ్ళు చూసేదీ అదే. ఆ గీత మీ దారిని ఎక్కడ కోస్తుందో అక్కడ ఆ రాత్రి దీపాలు గుంపుగా ఉంటాయి.

చిన్న పడవలకి ఏఐఎస్ ఉంటుందని నమ్మొద్దు, కంటితో చూడాల్సిందే. పగలు నల్ల జెండా కట్టిన వెదురు కర్ర కనిపిస్తే వల ఒక కొస అక్కడుంది. మధ్యలో థర్మకోల్ బెండ్లు వరసగా తేలుతుంటాయి, రెండో కొస దగ్గర సాధారణంగా పడవ ఉంటుంది. జెండాకీ పడవకీ మధ్య నుంచి పోకండి. రాత్రి పూట జెండా బదులు మెరిసే చిన్న ఎల్ఈడీ ఉంటుంది, ఎరుపో ఆకుపచ్చో ఏదైనా. దాని రంగు చూసి పడవల ఎడమ, కుడి పక్కలుండే పోర్టు, స్టార్‌బోర్డ్ దీపం అనుకోకండి. పడవలో మనిషి టార్చి ఊపుతుంటే కోపం కాదు, ఆ వెలుగు తోసే వైపు వెళ్ళమని. దగ్గరికి పోయి తెలుగులోనే అడగండి: "అన్నా, వల ఏ పక్క ఉంది?" అని. వెంటనే చెప్తారు. వీహెచ్ఎఫ్ కన్నా ఇదే బాగా పనిచేస్తుంది. పులికాట్ దాటాక తమిళం: "వలై ఎంగే?" అన్నా చాలు.

ప్రొపెల్లర్‌కి వల తగిలితే తెలుస్తుంది. ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోతుంది, నల్ల పొగ, షాఫ్ట్ దగ్గర దడదడ. ఆ క్షణమే న్యూట్రల్, ఆ వెంటనే ఇంజన్ ఆపెయ్యడం. రివర్స్ వేస్తే విడిపోతుందనుకుంటారు గానీ నైలాన్ ఇంకో చుట్టు చుట్టుకుని కరిగి ముద్దవుతుంది, షాఫ్ట్ దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీల్‌ని కూడా లాగేస్తుంది. తెరచాపల మీదే వల నుంచి పక్కకి జరగండి. అల తక్కువ ఉన్న పగటి పూట మాత్రమే దాన్ని కోయడానికి నీళ్ళలోకి దిగాలి: ఇంజన్ తాళం చెవి దిగేవాడి మెడలో, నడుముకి తాడు, తలకి హెల్మెట్, చేతిలో రంపపు పళ్ళ కత్తి. నున్నటి కత్తి తడి నైలాన్ మీద జారుతుంది. పడవ అడుగు అలకి లేచి పడుతుంటుంది, తలకి తగిలేది అదే.

ఎవరి వలైనా కోస్తే ఆగి, మాట్లాడి, డబ్బిచ్చి వెళ్ళండి. అది వాళ్ళ పెట్టుబడి.

స్పానర్13

డీజిల్: మీ ఇంజన్ 5 నాట్లకి గంటకి రెండున్నర లీటర్లు తాగుతుంది. గాలి అస్సలు లేకపోతే కాకినాడ–చెన్నై 56 గంటలకి 140. ట్యాంకులో అడుగు 15 లీటర్లు లెక్కలోకి రావు, పడవ ఊగినప్పుడు పైపు గాలి పీలుస్తుంది. 20 లీటర్ల డబ్బాలు నాలుగు తీసుకెళ్ళండి, మొత్తం 185 అవుతుంది, అవసరానికి మూడో వంతు అదనం. కాకినాడలో లంగరేసినప్పుడే నింపుకోండి, వాటర్ సెపరేటర్ గరాటు లోంచి.

అంతకన్నా ముఖ్యమైంది ట్యాంకు అడుగు. హార్బర్‌లో ఏళ్ళ తరబడి కదలని మడ్డి మొదటి అలకే లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఇంజన్లు సముద్రంలో ఆగిపోవడానికి ఇదే మొదటి కారణం. బయల్దేరే ముందు ఇన్‌స్పెక్షన్ మూత తీసి, చేతి పంపుతో అట్టడుగు నుంచి ఐదు లీటర్లు తోడండి. అందులోంచి కొంత గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా పెట్టండి. మంచి డీజిల్ పై నుంచి కింద దాకా ఒకే రంగులో తేటగా ఉంటుంది. అడుగున గీత గీసినట్టు తెల్లటి పొర నిలిస్తే నీళ్ళు. ఆ గీత మీద గోధుమరంగు జిగురు, చింతపులుసు మడ్డిలా వేలాడుతుంటే బూజు పట్టింది, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి తుడవాల్సిందే. మందు పోసి సరిపెడితే చచ్చిన బూజంతా ఫిల్టర్‌లోకే వస్తుంది.

ప్రైమరీ ఫిల్టర్లు నాలుగు, సెకండరీ రెండు దగ్గరుంచండి. ఆర్‌పీఎం లేస్తూ పడుతూ ఉంటే ఫిల్టర్ మూసుకుపోతోందని అర్థం, పూర్తిగా ఆగే దాకా చూడొద్దు. మార్చాక గాలి తీయాలి: సెకండరీ ఫిల్టర్ పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, లిఫ్ట్ పంప్ మీట కొడుతుంటే ముందు నురగ వస్తుంది, బుడగలు ఆగి నిండు ధార వచ్చాక, మీట కొడుతూనే స్క్రూ బిగించాలి. మీట ఆపి బిగిస్తే మళ్ళీ గాలి లాగుతుంది. ఈ పని నలుగురూ రేవులో ఒక్కోసారి చేసి చూడండి.

ఇంపెల్లర్లు (ఇంజన్‌ని చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కల చక్రాలు) రెండు. పాలిథిన్ సంచి ఇన్‌టేక్‌కి అతుక్కుంటే నిమిషాల్లో రెక్కలు చిరిగిపోతాయి. మార్చేటప్పుడు సీకాక్ (సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే వాల్వు) మూసెయ్యండి. ఎన్ని రెక్కల ముక్కలు తగ్గాయో లెక్కపెట్టి, అవన్నీ హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర వెతికి తీయండి. లేదంటే కొత్త ఇంపెల్లర్‌తోనూ ఇంజన్ వేడెక్కుతుంది.

కరెంటు రోజుకి: ఆటోపైలట్ 84 ఏహెచ్, ప్లాటర్ (చార్టు చూపించే తెర) 24, ఏఐఎస్, వీహెచ్ఎఫ్ కలిపి 17, దీపాలు 6. మొత్తం 131. సోలార్ జనవరిలో 60 ఇస్తే గొప్ప. లెడ్ బ్యాటరీల్లో సగమే వాడుకోవాలి, అంటే మీ దగ్గరున్నది 100. రోజూ రెండు గంటలు ఇంజన్ నడిపితే సరిపోతుంది. ఫ్రిజ్ వేస్తే ఇంకో 50 పోతుంది, ఈ మూడు రోజులకీ ఆపెయ్యండి.

లైట్‌హౌస్‌కీపర్

కాగితాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, ఆపేసేది మాత్రం అదే. విశాఖ నేవీ ఉన్న రేవు, చెప్పకుండా కదలకూడదు. పడవ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, అందరి గుర్తింపు కార్డులు, దారి, టైములు రాసిన ప్లాన్ పోర్టుకీ, కోస్ట్ గార్డ్‌కీ, మెరైన్ పోలీసులకీ రాతపూర్వకంగా ఇవ్వండి. చెన్నై పోర్టు అనుమతి ముందే తీసుకోండి. 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఆ హార్బర్ లోపలే ఉంది, వాళ్ళకి ముందుగా రాస్తే దారి చెప్తారు. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093.

శాటిలైట్ ఫోన్ ఎవరైనా విదేశాల నుంచి తెచ్చి ఇస్తామంటే వద్దనండి. థురాయా, ఇరిడియం మన దేశంలో నిషిద్ధం. ఇరిడియం మీద నడిచే చిన్న మెసేజ్ పరికరాలు కూడా అంతే, దొరికితే కేసు. లైసెన్సుతో బీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చే ఇన్‌మార్‌శాట్ ఒక్కటే దారి. దానికన్నా ముందు 406 మెగాహెర్ట్జ్ ఈపెర్బ్ (ఆపదలో శాటిలైట్‌కి పిలుపు పంపే పరికరం) కొని బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో మీ పడవ పేరుతో రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని ఈపెర్బ్ మోగితే ఎవరి పడవో, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక వెతుకులాట ఆలస్యమవుతుంది.

ఇంకోటి, శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ ముందున్న సముద్రం మూసేస్తారు. బాపట్ల సూర్యలంక దగ్గర వైమానిక దళం క్షిపణి కాల్పులు జరుగుతుంటాయి. రెండూ నావేరియా 8 (మన సముద్ర ప్రాంతం) హెచ్చరికల్లో ముందే వస్తాయి, కాకినాడలో ఉండగానే చదివి ఆ అక్షాంశ రేఖాంశాలు చార్టు మీద గీసుకోండి.

నీలికెరటం

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక్క సందేహం ఈశాన్యం గారూ. గాలి సరిగ్గా వెనక నుంచి ఉంటే రాత్రి కొత్తవాళ్ళ చేతిలో జైబ్ (తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరగడం) అయిపోతుందేమోనని భయం. మెయిన్ సెయిల్ దించేసి జెనోవా (ముందు తెరచాప) ఒక్కదానితో పోవచ్చా?

ఈశాన్యం

పోవచ్చు. 15 పైన గాలుంటే రాత్రికి అదే మంచి పద్ధతి, పడవ కాస్త ఎక్కువ దొర్లుతుంది అంతే. మెయిన్ ఉంచితే మాత్రం ప్రివెంటర్ (బూమ్, అంటే మెయిన్ అడుగు దూలం, అటూ ఇటూ తిరగకుండా ఆపే తాడు) లేకుండా ఒక్క గంట కూడా వద్దు. 12 మిల్లీమీటర్ల తాడు బూమ్ కొస నుంచి, ష్రౌడ్స్ (స్తంభాన్ని పక్కల నుంచి పట్టే తీగలు) బయటగా, ముక్కు దగ్గర పుల్లీలోంచి తిప్పి కాక్‌పిట్‌కి తెచ్చి కట్టండి. బూమ్ మధ్యలో కడితే, కొస నీళ్ళలో మునిగిన రోజు బూమ్ అక్కడే విరుగుతుంది.

గాలిని సరిగ్గా వీపు మీద పెట్టుకోకుండా ముక్కు నుంచి 160 డిగ్రీల్లో ఉంచి, పగటి పూట మాత్రమే జైబ్ చేస్తూ వంకరగా దిగండి. దూరం ఆరు శాతం పెరుగుతుంది, దొర్లుడు బాగా తగ్గుతుంది. ఆటోపైలట్‌ని విండ్ మోడ్‌లో పెట్టండి, దిక్సూచి మోడ్‌లో వద్దు. గాలి పది డిగ్రీలు మారినా అది గమనించదు. దివి దాటాక దారి 197కి తిరుగుతుంది కాబట్టి గాలి ఎడమ వెనుక మూలకి వచ్చేస్తుంది, ఈ బాధ ఉండదు. అప్పటిదాకా రాత్రి కాపలా మూడేసి గంటలు, కొత్తవాడితో ఒక పాతవాడు జతగా. దిగిపోయే జత వెళ్ళే ముందు షీట్లు (తెరచాపలని లాగి పట్టే తాళ్ళు), ప్రివెంటర్ పుల్లీ తగిలే చోట ఒక అంగుళం జరిపి కట్టాలి. ఒకే చోట రాత్రంతా రాసుకుంటే తెల్లారేసరికి పై తొడుగు పోయి లోపలి దారాలు బయటపడతాయి.