కొట్టకపోయినా ‘స్ట్రైక్’ ఎందుకంటారు?

ప్రశ్న: మా అక్క కొడుకు అమెరికాలో బేస్‌బాల్ ఆడుతున్నాడు. వాడి ఆట వీడియోలు చూస్తుంటే నాకొక సందేహం వచ్చింది. స్ట్రైక్ అంటే కొట్టడమే కదా? బ్యాటు అసలు కదపకుండా నిలబడ్డ పిల్లవాడికి కూడా అంపైర్ ‘స్ట్రైక్’ అంటున్నాడు. ఇదెక్కడి అర్థం? తెలుగులో దీనికేమైనా మాట పెట్టుకోవచ్చా?

జవాబు: మొదట్లో ఆ మాటకు మీరనుకున్న అర్థమే ఉండేదండీ. 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు రాసుకున్న నియమాల ప్రకారం, బంతిని మూడుసార్లు కొట్టబోయి మూడుసార్లూ తప్పి, ఆ మూడో బంతిని అవతలివాళ్లు పట్టుకుంటే అవుట్. బ్యాటరును అప్పట్లో స్ట్రైకర్ అనేవాళ్లు. క్రికెట్‌లో ఇప్పటికీ స్ట్రైకర్, నాన్‌స్ట్రైకర్ అంటున్నాం కదా, అదే మాట. బంతి వేసేవాడు చెయ్యి కిందినుంచి ఊపి, కొట్టడానికి వీలుగా వేయాలి. ఇవతలివాడు కొట్టాలి, ఫీల్డర్లు పరిగెత్తాలి. అసలు ఆటంతా అక్కడ మొదలవుతుందని వాళ్ల ఉద్దేశం. కొట్టకుండా ఊరికే నిలబడితే ఏం చేయాలో ఆ నియమాల్లో లేదు.

ఆ సందు దొరికాక ఆటగాళ్లు ఊరుకుంటారా? నచ్చిన బంతి పడేదాకా కొందరు కదిలేవాళ్లు కాదు. అందుకే 1858లో కొత్త నియమం పెట్టారు. మంచి బంతులు వస్తున్నా, ఆట సాగదీయడానికో తనవాళ్లకు లాభం చేయడానికో బ్యాటరు కొట్టకుండా నిలబడితే, అంపైర్ ముందు ఒకసారి హెచ్చరించి, అప్పటికీ వినకపోతే ‘స్ట్రైక్’ అని ప్రకటించవచ్చు. ‘నువ్వు బ్యాటు ఊపలేదు గానీ, ఊపి తప్పినట్టే లెక్క రాస్తున్నాను’ అని దాని అర్థం. బ్యాటరు చేసే పనికి ఉన్న పేరు ఆ రోజునుంచి అంపైర్ వేసే శిక్షకు కూడా పేరైంది. 1860ల్లో పిచ్చర్‌కూ (బంతి వేసేవాడికి) ఇలాంటి శిక్షే వచ్చింది. కొట్టడానికి వీల్లేని బంతులు వేస్తూ పోతే అంపైర్ ‘బాల్’ అంటాడు.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి తికమక. మనకు ఆ ఇబ్బంది లేదు, క్రియ మారిస్తే చాలు. క్రికెట్ చూస్తూ మనం ‘బౌల్డ్ అయ్యాడు’ అంటాం గానీ ఎల్‌బీ దగ్గర ‘అంపైర్ అవుట్ ఇచ్చాడు’ అంటాం. ఇక్కడా అంతే. బ్యాటు ఊపి తప్పితే ‘స్ట్రైక్ పడింది’, ఊపకుండా నిలబడితే ‘స్ట్రైక్ ఇచ్చాడు’. కొత్త మాట పుట్టించనక్కర్లేదు. స్ట్రైక్‌ను స్ట్రైక్‌గానే ఉంచుదాం. ఆ ‘ఇచ్చాడు’లో అంపైర్ అధికారమంతా ఉంది.

ఒక సభ్యుడు: అంపైర్‌కు మాత్రం తెలుగు మాట వాడొచ్చు కదండీ. తీర్పరి అనే చక్కటి మాట ఉంది. పాత నిఘంటువుల్లో తగవరి కూడా కనిపిస్తుంది.

జవాబు: తీర్పరి నాకూ ఇష్టమే. తగవరి ఇంకా ఇష్టం, ఎందుకంటే పాత తెలుగులో తగవు అంటే న్యాయం. ఇప్పుడేమో తగవంటే గొడవ అనే అర్థమే మిగిలింది, అందుకే ఆ మాట వాడితే గొడవలు పెట్టేవాడనుకుంటారు. రాతలో తీర్పరి వాడండి, అందరికీ అర్థమవుతుంది. నోటిమాటలో అంపైర్ ఎలాగూ పోదు. అన్నట్టు, ఇక అన్నిచోట్లా ‘ఇచ్చాడు’ అనలేం. 2025 ఆగస్టులో జెన్ పావల్ మేజర్ లీగ్ మ్యాచ్‌లో నిలబడిన తొలి మహిళా అంపైర్ అయ్యారు. అక్కడ ‘ఇచ్చారు’ అనే రాయాలి.

ఒక సభ్యురాలు: నేను పాతికేళ్లుగా అక్కడే ఉంటూ ఈ ఆట చూస్తున్నాను. మీరు చెప్పిన అంపైర్ అధికారమే ఇప్పుడు పోతోంది. 2023లో గడియారం పెట్టారు. గడియారం లేని ఆట అనేదే బేస్‌బాల్ గొప్పదనం. ఇప్పుడు బంతి స్ట్రైకా బాలా అన్నది కూడా కెమెరాలు చెబుతాయట. ఇంకా తీర్పరి ఎక్కడ?

జవాబు: మేడమ్, గడియారం విషయంలో నేను మీతో ఏకీభవించలేను. దానికి కారణం కూడా ఈ మాట చరిత్రే. 2023 నియమం ఏమంటుంది? బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్ 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. గడియారంలో 8 సెకన్లు మిగిలి ఉండగానే బ్యాటరు సిద్ధంగా నిలబడాలి. లేకపోతే బంతి పడకుండానే అతనికి స్ట్రైక్. పిచ్చర్ ఆలస్యం చేస్తే బాల్. 1858లో అంపైర్ చేతికి ‘స్ట్రైక్’ ఇచ్చింది సరిగ్గా ఇందుకే కదా, ఆట సాగదీసేవాణ్ణి కదిలించడానికే! కొట్టకపోయినా పడే స్ట్రైక్ పుట్టింది జాప్యానికి శిక్షగా. నడుమ నూటయాభై ఏళ్లకు పైగా దాన్ని స్థలానికి, అంటే బంతి ఎక్కడినుంచి వెళ్లిందనేదానికి, కొలతగా వాడుకున్నాం. 2023లో అది మళ్లీ కాలానికి కొలత కూడా అయింది. 2022లో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టేది, మరుసటి ఏడు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. ఇది సంప్రదాయానికి విరుద్ధమన్న మాట నేను ఒప్పుకోను.

బంతి ఎక్కడినుంచి వెళితే స్ట్రైకో చెప్పే స్ట్రైక్ జోన్ కూడా ఎప్పుడూ ఒక్కచోట నిలబడలేదు. 1887కు ముందు కొన్నేళ్లపాటు బంతి ఎత్తుగా కావాలో, కిందికి కావాలో బ్యాటరే అడిగేవాడు! 1968లో పిచ్చర్ల ధాటికి బ్యాటర్లు తట్టుకోలేకపోయారు. ఆ ఏడాది పిచ్చర్ బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) 1.12. మరుసటి ఏడాదికల్లా జోన్ కుదించి, మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎత్తును 15 అంగుళాలనుంచి 10కి దించేశారు.

కెమెరాల విషయంలో మీ బాధ నాకర్థమవుతుంది. 1845 నియమాల్లో వివాదాలన్నీ అంపైరే తేల్చాలి, దానిమీద అప్పీలు లేదు అని స్పష్టంగా ఉంది. ఆ మాటకు ఆటగాళ్లు చెల్లించిన మూల్యం మీరూ చూసే ఉంటారు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో పిచ్చర్ అర్మాండో గలర్రాగా వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇరవైయేడో బ్యాటరు జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతిని కబ్రేరా పట్టి విసిరాడు. గలర్రాగా ఫస్ట్ బేస్ దగ్గరికి పరిగెత్తి అందుకున్నాడు. డొనాల్డ్ కాలు అప్పటికింకా బేస్‌కు చేరలేదు. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి ‘సేఫ్’ (అవుట్ కాదు) అన్నాడు. పర్ఫెక్ట్ గేమ్, అంటే అవతలి జట్టులో ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్, పోయింది. గలర్రాగా నోరెత్తలేదు, చిన్నగా నవ్వి వెనక్కి నడిచాడు. వీడియో చూశాక జాయిస్ తనే బాహాటంగా తప్పు ఒప్పుకున్నాడు. మర్నాడు జట్టు లైనప్ కార్డును గలర్రాగాయే తెచ్చి చేతికిస్తే, జాయిస్ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరి పెద్దమనసూ గొప్పదే. కానీ ఆ ఇరవైయేడో అవుట్ ఈనాటికీ రికార్డుల్లో లేదు. రీప్లే అప్పటికి హోమ్‌రన్‌ల వరకే ఉండేది. ఇలాంటి కాల్స్‌కు 2014లో వచ్చింది.

2026 సీజన్ నుంచి బంతులకు పెట్టిన పద్ధతి మీరనుకున్నంత కఠినం కాదు. మొదట చెప్పేది మనిషే. ఆ మాట తప్పనిపిస్తే కెమెరాను అడగడానికి జట్టుకు రెండు చాలెంజ్‌లు, నెగ్గితే చాలెంజ్ మిగులుతుంది. బ్యాటరు, పిచ్చర్, క్యాచర్ (బ్యాటరు వెనక బంతి అందుకునేవాడు), ఈ ముగ్గురిలో ఒకరే తలమీద తట్టి అప్పటికప్పుడు అడగాలి. డగౌట్ (జట్టు కూర్చునే చోటు) సాయం ఉండకూడదు. మిగతా బంతులన్నిటికీ ‘ఇచ్చాడు’ చెల్లుతుంది. ప్రతి బంతినీ మెషీన్‌కు వదిలేయమనే అభిమానులున్నారు, నేను ఆ పక్షం కాదు. అలా చేస్తే అంచున పడ్డ బంతిని స్ట్రైక్‌లా కనిపించేలా గ్లవుతో నేర్పుగా అందుకునే క్యాచర్ విద్య దండగైపోతుంది.

నాకున్న అభ్యంతరం ఒక్కటే. క్రికెట్ డీఆర్‌ఎస్‌లో ‘అంపైర్స్ కాల్’ ఉంది. బంతి వికెట్‌ను కొద్దిగానే తాకుతుందని తేలితే అంపైర్ మొదట ఇచ్చిందే నిలుస్తుంది. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు పెట్టలేదు. నియమ పుస్తకంలో జోన్ పైగీతను భుజాలకూ ప్యాంటు పైఅంచుకూ నడిమధ్య అని మనిషి శరీరాన్ని బట్టి చెబుతారు. కెమెరాకు మాత్రం బ్యాటరు ఎత్తులో 53.5 శాతం పైగీత, 27 శాతం కిందిగీత. బంతి అంచు వెంట్రుకవాసి తగిలినా స్ట్రైకే. అంత సన్నటి చోట తీర్పరి మాటకు విలువ ఉంచాల్సిందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగిన సోదరి: మావాడి స్కోరు పుస్తకంలో కొన్నిచోట్ల ‘కె’ అక్షరం తిరగేసి ఉంది. పిల్లలు పొరపాటున రాశారనుకున్నాను. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: పొరపాటు కాదమ్మా, అలాగే రాస్తారు. మూడు స్ట్రైక్‌లతో అవుటైతే గుర్తు కె. స్ట్రక్ అనే ఇంగ్లీషు మాటలోని చివరి అక్షరమది. స్కోరు రాసే పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ పెట్టాడు. మూడో స్ట్రైక్ బ్యాటు ఊపి తప్పినందుకు పడితే మామూలు కె, ఊపకుండా నిలబడినందుకు అంపైర్ ఇచ్చినదైతే తిరగేసిన కె. మీవాడి పుస్తకంలో ఏవి ఎక్కువున్నాయో లెక్కపెట్టి చూడండి. తిరగేసినవి ఎక్కువుంటే, మంచి బంతుల్ని కూడా చూస్తూ వదిలేస్తున్నాడని కోచ్‌తో ఒక మాట చెప్పవచ్చు.