పాత కారులో ఏళ్లుగా ఆడని ఏసీ: బాగు చేయించాలా, వదిలేయాలా?

ప్రశ్న (రాజమండ్రి సభ్యుడు):
మా నాన్నగారు వాడిన 1993 నాటి కాంటెస్సా క్లాసిక్ ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. ఏసీ మాత్రం పదేళ్లకు పైగా ఆడలేదు. బెల్టు ఎప్పుడో తీసేశారు, కంప్రెసర్‌ను చేత్తో తిప్పితే తిరుగుతోంది. గ్యాస్ కొడితే చాలని ఒక మెకానిక్ అంటున్నారు. అప్పటి ఆర్12 గ్యాస్‌నే సంపాదించి పెడతానని ఇంకొకరు, అంతా పీకేసి కొత్త కిట్ వేయించుకోమని మరొకరు చెబుతున్నారు. ఇంతకాలం ఆగిపోయినదాన్ని కదిలించడమే తప్పని మా బంధువుల మాట. తెలిసినవారు దయచేసి అభిప్రాయం చెప్పగలరు.

నిజామాబాద్ సభ్యుడు:
వదిలేయడమే మేలండీ. కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. దాన్ని బయటికి తీసేటప్పుడు ముప్పయ్యేళ్ల ప్లాస్టిక్ విరిగితే మళ్లీ దొరకదు. పైగా కంప్రెసర్ ఇంజన్ నుంచి మూడు నాలుగు హార్స్‌పవర్ లాగేస్తుంది, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కు అడ్డంగా నిలుస్తుంది. మే నెల ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కి, దాని పైభాగపు అతుకును మూసి ఉంచే హెడ్ గాస్కెట్ పోతే, చల్లదనం కోసం పెట్టిన ఖర్చుకు రెట్టింపు నష్టం జరుగుతుంది.

గుంటూరు సభ్యుడు:
నిజామాబాద్ మిత్రులు చెప్పిన ప్రమాదాలు నిజమైనవే, కానీ వాటిని బట్టి వదిలేయాలన్న నిర్ణయానికి రావడం నాకు సమ్మతం కాదు. మన ఎండల్లో ఏసీ లేని కారు వేసవి మూడు నెలలూ షెడ్డులోనే ఉండిపోతుంది, అలా నిలిచిపోయిన బండికి బ్రేకులు, కార్బురేటర్, బ్యాటరీ అన్నీ పాడవుతాయి. కాబట్టి బాగు చేయించాలి. అయితే చేయిస్తే పూర్తిగా చేయించాలి, లేదంటే ముట్టుకోకూడదు. సగం పని అన్నిటికంటే చెడ్డది.

ఎందుకో చెబుతాను. కంప్రెసర్ ఇరుసు దగ్గర గ్యాస్ కారకుండా ఆపే షాఫ్ట్ సీల్‌ను తడిగా ఉంచేది గ్యాస్‌తో పాటు తిరిగే ఆయిలే. ఏళ్ల తరబడి ఆడకపోతే ఆ సీల్ ఎండిపోయి, గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది, ఖాళీ అయిన గొట్టాల్లోకి తేమతో కూడిన గాలి చేరుతుంది. డ్రయ్యర్‌లోని గుళికలు ఒక హద్దు వరకే ఆ తేమను పీల్చుకోగలవు. మిగిలిన తేమ గ్యాస్‌తోనూ ఆయిల్‌తోనూ కలిసి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తింటుంది, గ్యాస్‌ను సన్నని రంధ్రం గుండా కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డ కట్టి దారి మూసేస్తుంది. ఈ స్థితిలో లీకు ఎక్కడుందో చూడకుండా గ్యాస్ కొట్టిస్తే అది కొద్ది రోజుల్లోనే పోతుంది, పోయేలోపు ఆయిల్ సరిగా అందక కంప్రెసర్ అరిగిపోతుంది. చేత్తో తిప్పితే తిరుగుతోందంటే అది బిగుసుకుపోలేదని మాత్రమే అర్థం, సీల్ బాగుందని కాదు.

నా సలహా ఆర్12 తర్వాత కార్లలో వచ్చిన ఆర్134ఎ గ్యాస్‌కు మార్చమనే. పాత మినరల్ ఆయిల్ ఆ గ్యాస్‌లో కరగదు కాబట్టి కంప్రెసర్‌కు తిరిగి చేరదు. అందుకని పాత ఆయిల్‌ను పూర్తిగా ఫ్లష్ చేసి, ఈ గ్యాస్‌తో కలిసే ఎస్టర్ ఆయిల్ పోయాలి. డ్రయ్యర్, ఓరింగులు, షాఫ్ట్ సీల్, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయాలి. లోపలి గాలి, తేమ పోయేలా అరగంటకు తగ్గకుండా వాక్యూమ్ పెట్టాకే గ్యాస్ నింపాలి, అది కూడా ఆర్12 కు చెప్పిన బరువులో 80 నుంచి 85 శాతం వరకే. నిండుగా కొడితే చల్లదనం పెరగదు, ప్రెషర్ మాత్రం పెరుగుతుంది.

సికింద్రాబాద్ సభ్యుడు:
గుంటూరువారి శ్రద్ధకు నమస్కారం, కానీ ఇంత మార్పు చేశాక అది 1993 నాటి కారు ఎలా అవుతుంది? ఆ కండెన్సర్, ఆ సీళ్లు, ఆ ఆయిల్ అన్నీ ఆర్12 కోసం తయారైనవే. దానిలోని క్లోరిన్ లోహపు భాగాల మీద సన్నని పొరలా ఏర్పడి అరుగుదలను తగ్గిస్తుంది. ఆర్134ఎ కు ఆ గుణం లేదు. లీకులు సరిచేసి పాత గ్యాస్‌నే నింపడం యంత్రానికీ చరిత్రకూ న్యాయం.

గుంటూరు సభ్యుడు:
క్లోరిన్ పొర మాట వాస్తవం. కానీ ఓజోన్ పొరను దెబ్బతీసేదీ ఆ క్లోరినే. అలాంటి వాయువులను మాన్పించే 1987 మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది, 2010 నాటికి ఇక్కడ ఈ అవసరాలకు ఆర్12 తయారీ ఆగిపోయింది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 10,900 రెట్లు, ఆర్134ఎ దాదాపు 1,430 రెట్లు. పాత సీళ్ల గుండా ఏటా కొంత కారిపోయే వ్యవస్థలో మొదటిదాన్ని నింపడానికి నా మనసు ఒప్పుకోదు.

అంతకంటే దగ్గరి భయం మరొకటుంది. ఇప్పుడు ఆర్12 పేరుతో చేతికొచ్చే సిలిండర్‌లో ఏముందో పరీక్షించకుండా ఎవరూ చెప్పలేరు. 2011లో ఓడల్లో వెళ్లే శీతల కంటైనర్లలో మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ గ్యాస్ నింపితే, అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో చర్య జరిపి పేలుళ్లకు దారితీసింది, మనుషులు చనిపోయారు. ఇలాంటి ప్రమాద భయంతోనే, ఆర్12 కు బదులుగా నేరుగా నింపుకోవచ్చంటూ అమ్మే మండే వాయువుల మిశ్రమాలను కూడా వద్దంటాను. కూలింగ్ కాయిల్ ఉండేది మనం కూర్చునే చోటే కదా.

కండెన్సర్ ఆర్12 కోసం తయారైనదన్న విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. అది 60 డిగ్రీలకు చేరినప్పుడు ఆర్134ఎ ప్రెషర్ ఆర్12 కంటే సుమారు పది శాతం ఎక్కువ. పాత కండెన్సర్ దీన్ని తట్టుకున్నా, వేడిని అంత బాగా వదిలే శక్తి దానికి లేదు. దాని స్థానంలో, గ్యాస్ అనేక సన్నని దారుల్లో ఒకేసారి పారి వేడిని బాగా వదిలే ప్యారలల్ ఫ్లో కండెన్సర్, ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి, ప్రెషర్ పెరిగితే కంప్రెసర్ ఆగిపోయే స్విచ్ తప్పక వేయాలి. నిజామాబాద్‌వారి హెడ్ గాస్కెట్ భయానికి కూడా ఇదే సమాధానం. తీసిన పాత కండెన్సర్‌ను భద్రంగా దాచిపెడితే, రేపు ఎవరైనా కారును మొదటి రూపానికి తేవాలనుకున్నప్పుడు పనికొస్తుంది.

రాజమండ్రివారు ఏదీ కొనకముందే నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేయించండి. సబ్బునీళ్లతో చూస్తే చాలు, మంటతో వెతికేవారిని దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే మిగిలిన ఆర్12 మంటలో పడితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. కూలింగ్ కాయిల్ బాగుంటే డ్యాష్‌బోర్డు విప్పనక్కరలేదు, మిగతా పనంతా బానెట్ కిందే పూర్తవుతుంది. కాయిల్‌లోనే లీకు ఉంటే, ఆ ప్లాస్టిక్‌ను జాగ్రత్తగా విప్పగల మనిషి దొరికేదాకా ఆగండి.