అప్‌డేట్: ఎంపికైనవాళ్లు చేరకపోతే ఆ పోస్టు తర్వాతి ర్యాంకుకు వస్తుందా?

ప్రభుత్వ ఉద్యోగాల నియామకంలో నా కేటగిరీలో ఎంపికైనవాళ్లు ఇద్దరు చేరలేదు, తర్వాతి ర్యాంకు నాదే, హైకోర్టుకు వెళ్తే పోస్టు వస్తుందా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తేలింది ఏంటంటే, రాదు.

"ముందు నోటిఫికేషన్‌లో వెయిటింగ్ లిస్టు ఉందో లేదో చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది. లాయరుగారు కూడా మొదట ఆ పేరానే వెతికారు. వెయిటింగ్ లిస్టు ఉండదని, మిగిలిన ఖాళీలు వచ్చే నోటిఫికేషన్‌కు పోతాయని అందులో స్పష్టంగా రాశారు. దీనికి మూలం ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ఇచ్చిన జీవో 81. పైగా శంకర్సన్ దాష్ కేసులో (1991) సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎంపికైనవాళ్ల లిస్టులో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాదని చెప్పేసింది. నాకైతే ఆ లిస్టులో పేరే లేదాయె!

అయితే ప్రభుత్వం ఇష్టారాజ్యంగా చేయకూడదని, నింపిన పోస్టుల్లో మెరిట్ వరుస తప్పకూడదని కూడా అదే తీర్పులో ఉంది. మీ కేటగిరీలోనే మీకంటే తక్కువ మెరిట్ వాళ్లకు పోస్టు ఇచ్చినా, రూల్స్‌లో ఉన్న వెయిటింగ్ లిస్టును పక్కనపెట్టినా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి బలం ఉంటుందట. నా విషయంలో రెండూ లేవు.

ఆర్టీఐతో తెప్పించిన ఖాళీల లెక్క దేనికీ అక్కరకు రాలేదు. ఖాళీ లేదని ఎవరన్నారు గనక! రిట్ వేయలేదు, మళ్లీ పరీక్షే రాస్తున్నా.