మష్రూమ్స్‌కి మసాలా ముందా, పెనం ముందా?

పొయ్యిగట్టు: 200 గ్రాముల బటన్ మష్రూమ్స్ ప్యాకెట్, పిండిపదార్థం తక్కువ పడాలి. పచ్చి ముక్కలకే పెరుగు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఉంచమని ఒక మాట, ముందు వేయించి తర్వాత ఊరబెట్టమని ఇంకో మాట. ఏది నయం?

మిరియాలచారు: పచ్చివాటికే పట్టించండి. అంటుకోవడానికి రెండు చెంచాల శనగపిండి. వేయించాక పట్టిస్తే పులుపు పైపైనే ఉండిపోతుంది.

సన్నసెగ: ఒప్పుకోను. మష్రూమ్‌లో నూటికి తొంభై పాళ్లు నీరే. ఉప్పు తగలగానే ఊట దిగుతుంది. అరగంటకి గిన్నె అడుగున బూడిదరంగు నీళ్లు, కారమంతా అందులోనే. దాన్ని పెనం మీద వేస్తే ముక్కలు వేగవు, ఉడుకుతాయి.

ముక్కలు నాలుగేసి చేసి, పెనం బాగా కాగాక నూనె లేకుండా ఒక్క వరసలో పరవండి. మంట పెద్దదే. ముందు నీళ్లూరతాయి, అవి ఇగిరే దాకా కలపొద్దు. చుయ్ మనే చప్పుడు సన్నబడి అంచులు ఎర్రబడేసరికి ఏడెనిమిది నిమిషాలు. వేడిమీదే ఈ ఊటలో వేయండి: రెండు చెంచాల నువ్వులనూనె, చెంచా నిమ్మరసం, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, అరచెంచా కారం, పావు చెంచా ఉప్పు. చల్లారుతూ లోపలికి పీల్చుకుంటాయి, పైపైన ఉండిపోయేదేం లేదు. కాస్త ఎక్కువ వేగినా భయం లేదు, వాటి కణాల గోడల్లో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం వేడికి కరగదు.

లెక్కలపద్దు: ప్యాకెట్ మొత్తానికి పిండిపదార్థం ఆరేడు గ్రాములు. రెండు పెద్ద చెంచాల శనగపిండి, అంటే 20 గ్రాములు, వేస్తే అందులో పిండిపదార్థం దాదాపు 11 గ్రాములు. కూర కంటే అంటించే జిగురుకే ఎక్కువన్నమాట!

మిరియాలచారు: సరే, శనగపిండి మానేద్దాం. కానీ పెరుగు పట్టించి కాల్చినదానికి వచ్చే నల్లమచ్చల రుచి మీ నూనె ఊటకి రాదు. గుడ్డలో గంటసేపు వేలాడదీసిన గట్టి పెరుగు మూడు చెంచాలు, కసూరీమేథీ చిటికెడు. ఉప్పు మాత్రం పెనం ఎక్కించే ముందు. అప్పుడు మీరన్న నీళ్ల గోల ఉండదు.

సన్నసెగ: ఉప్పు ఆఖర్న అంటే ఒప్పుకుంటాను. అయినా పెరుగు తడి ఉంది, పెనం కిక్కిరిస్తే మళ్లీ ఆవిరే. ప్యాకెట్‌ని రెండు వాయిలుగా వేయాల్సిందే.

పొయ్యిగట్టు: కడగొచ్చా?

లెక్కలపద్దు: కోయకముందు కుళాయి కింద పది సెకన్లు, వెంటనే గుడ్డతో తుడవండి. కోసి నీళ్లలో పడేస్తేనే చిక్కు. ఇంకో మాట: సన్నసెగ గారి పద్ధతిలో నూనెలో పచ్చి వెల్లుల్లి మునిగి ఉంటుంది. గాలి తగలని చోట బొటులిజం (ప్రాణాంతకమైన ఆహార విషం) కలిగించే బాక్టీరియా పెరగొచ్చు, వాసన చూసి పట్టుకోలేం. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి. ఊరగాయలా గట్టు మీద ఉంచొద్దు.