ఆప్కాసా, పర్మినెంటా, మళ్లీ ఏజెన్సీయా? మున్సిపల్ కార్మికుల మహాసభ తీర్మానంపై మీ అనుభవాలు చెప్పండి

కాలువగట్టు
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా యూనియన్ జిల్లా మహాసభ ఉంది. ముసాయిదా తీర్మానం చేతికొచ్చింది. అందులో జీతాల సంగతి, పనిముట్ల సంగతి బాగానే రాశారు కానీ అసలు విషయం దగ్గర కమిటీయే రెండుగా చీలింది. ఒక వర్గం "పర్మినెంట్ తప్ప ఇంకేదీ అడగొద్దు" అంటోంది. ఇంకో వర్గం "ముందు ఆప్కాస్‌ను (మధ్యలో ఏజెన్సీ లేకుండా ఔట్‌సోర్సింగ్ కార్మికులను తీసుకునే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థను) కాపాడుకుందాం, అది పోతే మళ్లీ ఏజెన్సీల కాళ్ల దగ్గర పడతాం" అంటోంది. 2025 మొదట్లో ఆప్కాస్‌ను తీసేస్తారన్న మాట బయటికి వచ్చిన దగ్గర్నుంచి హాజరు వేసే మా మస్టర్ పాయింట్లో రోజూ ఇదే చర్చ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆప్కాస్ గమ్యం కాదు, కానీ ఏజెన్సీలను ఒక్క రోజు కూడా వెనక్కి రానివ్వకూడదు. పర్మినెంట్ డిమాండ్‌ను కూడా వదలకూడదు. ఈ రెండూ ఒకే తీర్మానంలో ఇమడవని కొందరంటున్నారు. ఇముడుతాయనే నేను అనుకుంటున్నాను. మీ ఊళ్లలో ఏజెన్సీ ఉన్నప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది? తెలంగాణ వాళ్లు కూడా రాయండి.

సరోజ_వార్డు19
అన్నా, నేను ఊడ్చే పనిలో ఏజెన్సీ కాలం నుంచీ ఉన్నాను. అప్పుడు జీతం ఏ తారీఖున వస్తుందో మేస్త్రీకే తెలిసేది కాదు. బిల్లు మున్సిపాలిటీలో ఆగిందని కాంట్రాక్టర్ అనేవాడు, మేం ఎప్పుడో ఇచ్చేశామని ఆఫీసులో అనేవాళ్లు. పీఎఫ్ పేరుతో నెలనెలా కోసేవాళ్లు. తర్వాత మా అబ్బాయి ఫోన్లో పాస్‌బుక్ తీసి చూస్తే కొన్ని నెలలకు పైసా కూడా పడలేదు. ఆ కాంట్రాక్టర్ అప్పటికే మారిపోయాడు. ఎవర్ని అడగాలి?

2020 జూలైలో ఆప్కాస్ మొదలైనప్పుడు మా పేర్లతో నియామక పత్రాలు ఇచ్చారు. జీతం నేరుగా ఖాతాలో పడింది. మధ్యలో ఎవరి చేతికీ పోలేదు. అది చిన్న సంగతి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఆరోగ్యం పాడై కొన్నాళ్లు ఇంట్లో ఉంటే జీతం ఉండదు. మా పక్కనే పని చేసే పర్మినెంట్ అక్కకు ఉంటుంది. ఇద్దరం ఊడ్చేది ఒకే రోడ్డు.

గుమ్మం_దగ్గర_గుమాస్తా
సరోజ గారూ, పీఎఫ్ గురించి ఒక మాట. కాంట్రాక్టర్ కట్టకపోతే ఆ బాధ్యత అసలు యజమానిది, అంటే పని చేయించుకున్న సంస్థది. పీఎఫ్ పథకం నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. కాంట్రాక్టర్ మారినా, ఊరొదిలిపోయినా ఆ సొమ్ము చచ్చిపోదు. పాస్‌బుక్ ప్రింటు, జీతంలో కోత చూపే ఏ కాగితమైనా, మస్టర్ నకలు పెట్టి పీఎఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరుగా కాకుండా వార్డు మొత్తం పేర్లతో ఇస్తే విచారణ మొదలయ్యే అవకాశం ఎక్కువ. యూనియన్ లెటర్‌హెడ్ మీద ఇస్తే ఇంకా మంచిది.

తీర్మానానికి పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. దీన్ని యూనియన్లు తగినంత గట్టిగా వాడుకోవడం లేదని నా బాధ. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టానికి 2003లో ఉమ్మడి రాష్ట్రం ఒక సవరణ చేసింది. సంస్థ ఏ పని కోసం ఏర్పడిందో ఆ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని అందులో ఉండేది. వెంటనే ఒక జాబితా ఇచ్చి పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్ లాంటివి ముఖ్యమైన పనులు కావన్నారు. ఇక్కడ చాలామంది చదవడం ఆపేస్తారు. కానీ ఆ జాబితాకు ఒక షరతు ఉంది: "ఆ సంస్థ ఆ పని కోసమే ఏర్పడి ఉండకపోతే" అని. సిమెంటు ఫ్యాక్టరీ ఏర్పడింది ఊడ్చడానికి కాదు, నిజమే. మున్సిపాలిటీ దేనికి ఏర్పడింది? చెత్త ఎత్తడం, కాలువలు తీయడం, నీళ్లివ్వడం, దీపాలు వెలిగించడం దాని చట్టబద్ధమైన విధులు. అవి ముఖ్యమైన పనులు కాకపోతే ఇంక మున్సిపాలిటీకి ముఖ్యమైన పని ఏముంది?

ఆ 1970 చట్టం లాంటి పాత చట్టాల స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్లలో, భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్‌లో కూడా దాదాపు ఇదే నిర్వచనం ఉంది. కానీ అక్కడ "ఆ పని మామూలుగా కాంట్రాక్టర్ ద్వారానే జరిగే రకమైతే" అని మినహాయింపు పెట్టారు. ఏళ్ల తరబడి ఏజెన్సీలకు ఇచ్చి, ఇప్పుడు ఇది మామూలే అంటే సరిపోతుందన్నమాట. అందుకే ఏజెన్సీ వ్యవస్థ తిరిగి రావడం జీతం ఒక్కదాని సమస్య కాదు. వచ్చిన ప్రతి ఏడాదీ మన వాదన బలహీనపడుతుంది.

కాలువగట్టు
సార్, ఈ షరతు సంగతి మా కమిటీలో ఎవరూ ఎత్తలేదు. కోర్టుకెళితే పర్మినెంట్ అవుతుందా మరి?

గుమ్మం_దగ్గర_గుమాస్తా
దానంతట అదే అవదు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. కాంట్రాక్టును నిషేధించినంత మాత్రాన కార్మికులు అసలు సంస్థ ఉద్యోగులైపోరని చెప్పింది. కాంట్రాక్టు పేరుకే ఉందని, పని చేయించేది, సెలవిచ్చేది, శిక్ష వేసేది అంతా అసలు సంస్థేనని ట్రిబ్యునల్లో రుజువు చేస్తే వేరే సంగతి. అందుకే మస్టర్ ఎవరు రాస్తున్నారు, వార్డు ఎవరు మారుస్తున్నారు అనే కాగితాలు దాచుకోండి.

తాత్కాలిక ఉద్యోగులు ఏళ్లు పని చేసినంత మాత్రాన పర్మినెంట్ కారన్న సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు 2006లో వచ్చాక "రెగ్యులరైజ్ చేయడం కుదరదు" అనేది ప్రతి ఆఫీసుకూ అలవాటైన జవాబు అయింది. కానీ 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్లను రెగ్యులరైజ్ చేయమని సుప్రీంకోర్టే చెప్పింది. ఉమాదేవి తీర్పును కార్మికుల మీద కర్రలా వాడొద్దన్న ధోరణి అందులో కనిపిస్తుంది. మరుసటి నెలలో ఘజియాబాద్ నగరపాలక సంస్థ తోటమాలుల కేసులోనూ కార్మికులకు అనుకూలంగానే వచ్చింది. ఇక సమాన పనికి సమాన వేతనం గురించి 2016 అక్టోబర్‌లో జగ్జీత్ సింగ్ కేసు తీర్పు ఉంది. తాత్కాలిక ఉద్యోగులకు కూడా రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలంది. తీర్మానంలో ఈ పేర్లు రాయండి. అధికారి ముందు కూర్చున్నప్పుడు ఉపయోగపడతాయి.

ఎర్రమట్టి_పల్లె
తెలంగాణ నుంచి. మాది గ్రామ పంచాయతీ. 51 జీవో వచ్చినంక మమ్మల్ని మల్టీపర్పస్ వర్కర్లు అన్నరు. పొద్దున ఊడ్చుడు, పగలు ట్రాక్టర్ నడుపుడు, సాయంత్రం స్తంభం ఎక్కి బల్బు మార్చుడు. ట్రాక్టర్ రానోడు నడపాలె, కరెంటు పని తెలియనోడు స్తంభం ఎక్కాలె. జనాభా లెక్కన మనుషుల్ని ఖరారు చేసిన్రు కానీ అంతకు ముందే పని చేస్తున్నోళ్లు ఎక్కువ ఉన్న ఊర్లల్ల వచ్చిన పైసలే పంచుకున్నరు. నెలకు 8,500 అని కాయితం మీద ఉంటే చేతికొచ్చేది వేరే. 2023 జూలై, ఆగస్టుల్ల నెలకు పైగా సమ్మె చేసినం. వెయ్యి పెరిగింది, అదీ సమ్మెకు ముందే మే డేకు చెప్పింది. మల్టీపర్పస్ పోలేదు.

మీ ఆంధ్ర అన్నలకు నేను చెప్పేది ఒకటే. జీతం ఎంత అని అడిగేటప్పుడే పని ఏంది అని కూడా రాయించుకోండ్రి. పని రాసి లేకపోతే పెరిగిన వెయ్యికి రెండు పనులు ఎక్కువ చేయిస్తరు.

సరోజ_వార్డు19
తమ్ముడూ, స్తంభం సంగతి చదివి చాలా బాధగా ఉంది. ఆ పని చేయనని చెప్పే హక్కు మీకు ఉండాలి. మా దగ్గర నీళ్లు, దీపాల పనులు చూసే ఇంజనీరింగ్ విభాగం వేరుగా ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ వాళ్లకు మాలాగా హెల్త్ అలవెన్స్ లేదు. అందుకే వాళ్లు 2025 జూలైలో విడిగా సమ్మె చేశారు. మేం వెళ్లి వాళ్ల టెంట్‌లో కూర్చున్నాం. ఇంకా ఎక్కువమంది రావాల్సింది.

కాలనీవాసి
నేను కార్మికుణ్ని కాదు, పన్ను కట్టే మనిషిని. మీ కష్టం అర్థమవుతుంది. కానీ 2023 డిసెంబర్‌లో సమ్మె జరిగినప్పుడు మా వీధిలో చెత్త ఎలా పేరుకుపోయిందో గుర్తుంది. మా అమ్మకు ఆయాసం, ఆ వాసనకు తలుపులు తీయలేకపోయాం. మీ గొడవ ప్రభుత్వంతో అయితే శిక్ష మాకెందుకు? ప్రైవేటు వాళ్లకిస్తే కనీసం బండి రోజూ వస్తుందనే మా కాలనీలో ఎక్కువమంది అభిప్రాయం.

సరోజ_వార్డు19
సార్, మీ అమ్మగారి బాధ నిజమే, నేను కాదనను. కానీ పండగలకు, తుఫాన్లకు, కరోనా రోజుల్లో మీ వీధికి వచ్చింది మేమే. సమ్మెకు ముందు నోటీసు ఇస్తాం. ఇవ్వకుండా దిగితే చట్టవిరుద్ధం అవుతుంది కూడా. ఆ నోటీసు రోజుల్లో మీ కాలనీ సంఘం కమిషనర్‌కు ఒక్క ఉత్తరం రాసి ఉంటే చర్చలు ముందే జరిగేవేమో. 2022 జూలైలో మేం దిగింది కొత్త కోరిక కోసం కాదు. ఇస్తున్న ఆరు వేల హెల్త్ అలవెన్స్ పోతుందన్న భయంతో. జీతం 15 వేలు, అలవెన్స్ 6 వేలు, మొత్తం 21 వేలు. ఇదీ మేం తెచ్చుకుంది.

దీపాల_సందు
కాలనీవాసి గారూ, "ప్రైవేటుకిస్తే బండి రోజూ వస్తుంది" అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను ఇంటింటికీ తిరిగే చెత్త ఆటో నడిపేవాణ్ని. ఆటో మున్సిపాలిటీ రంగులో ఉంటుంది, నేను మాత్రం ఏజెన్సీ మనిషిని. ఏజెన్సీ జీతం ఆపిన నెలల్లో బండ్లు ఆగిపోయాయి. సమ్మె నోటీసు లేదు, యూనియన్ లేదు, డీజిల్‌కు డబ్బు లేక ఆగిపోయాయి. మీరు తిట్టింది నన్ను. నాకు ఆ ఏజెన్సీ యజమాని ముఖం కూడా తెలియదు. ఆ బండ్ల కోసమే కదా చెత్త పన్ను వసూలు చేశారు. జనం ఒప్పుకోలేదు, 2024లో రద్దు చేశారు. మంచిదే. కానీ ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగాలి. లేకపోతే లోటు మా జీతంలోనే కోస్తారు.

కాలువగట్టు అన్నా, తీర్మానంలో ఆటో డ్రైవర్ల మాట ఉందా? ఆప్కాస్‌ను కాపాడాలని మీరంతా అంటున్నారు, మేం అందులో కూడా లేం.

కాలువగట్టు
లేదు తమ్ముడూ. ఉండాలి. సవరణగా నేనే పెడతాను: మున్సిపాలిటీ పని చేసే ప్రతి ఒక్కరినీ, ఆటో డ్రైవర్లతో సహా, ఏజెన్సీ లేకుండా నేరుగా తీసుకోవాలని. రెండోది, పోస్టుల సంఖ్యను జనాభాతో ముడిపెట్టమని. పక్క పల్లెలు పట్టణంలో కలుస్తూనే ఉన్నాయి, ఊడ్చే మనుషులు మాత్రం అంతేమంది. కాలనీవాసి గారి వీధికి బండి సరిగా రాకపోవడానికి సగం కారణం ఇదే. ఈ డిమాండ్ దగ్గర కార్మికులూ కాలనీవాళ్లూ ఒకే వైపు నిలబడవచ్చు.

కాలనీవాసి
మనుషుల సంఖ్య సంగతి నాకు తెలియదు. మా వార్డులో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అనే లెక్క ఇస్తే మా సంఘం సమావేశంలో పెడతాను. సమ్మె మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

గుమ్మం_దగ్గర_గుమాస్తా
ఆ లెక్క సమాచార హక్కు కింద అడగండి: మంజూరైన పోస్టులు, పని చేస్తున్నవాళ్లు, ఖాళీలు, వార్డులవారీగా. కాలనీ సంఘం పేరుతో మీరే అడిగితే ఇంకా బాగుంటుంది.

21 వేల దగ్గర ఒక జాగ్రత్త. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, జీతం పరిమితి 2017 జనవరి నుంచి 21 వేలే. జీతం అది దాటితే చందా కట్టే ఆ ఆరు నెలల కాలం అయ్యాక కార్డు పోతుంది. రోజూ దుమ్ములో, మురుగులో పని చేసేవాళ్లకు కార్డు పోవడం అంటే పెరిగిన జీతం మొత్తం ఆసుపత్రికే. జీతం పెంచమని అడిగేచోటే పరిమితి పెంచాలని కేంద్రాన్ని, అప్పటిదాకా వేరే ఆరోగ్య రక్షణ కల్పించాలని రాష్ట్రాన్ని అడగండి. రెండూ ఒకే పేరాలో ఉండాలి.

ఎర్రమట్టి_పల్లె
గ్రాట్యుటీ గురించి కూడా రాయుండ్రి. మా పక్క మున్సిపాలిటీల ఒకాయన పాతికేండ్లు పని చేసిండు. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు రాసిన్రు. అరవై దాటినంక ఇంటికి పంపేటప్పుడు శాలువా కప్పిన్రు, అంతే.

గుమ్మం_దగ్గర_గుమాస్తా
ఆయన పాత మస్టర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు ఉంటే గ్రాట్యుటీ కోసం ఇప్పటికైనా ఆ కేసులు చూసే కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టించండి. ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమని అడగవచ్చు. కాలువగట్టు గారూ, మీ తీర్మానంలో ఈ వాక్యం చేర్చండి: "కాంట్రాక్టర్ మారినా, ఏజెన్సీ నుంచి ఆప్కాస్‌కు మారినా, కార్మికుడు మొదట పనిలో చేరిన తేదీ నుంచే సర్వీసు లెక్కించాలి." రేపు పర్మినెంట్ చేసినా, చేయకపోయినా, ఆ తేదీ కాగితం మీద ఉండాలి.